ఎనిమిది జీబీ, పదహారు జీబీ

2025 నవంబర్ 14, శుక్రవారం, సౌదీ సమయం ఉదయం 11.20. నిర్మల్ జిల్లాలోని ఒక ఊళ్లో గౌరవ్వ శవాన్ని పాడె మీదికి చేర్చే ముందు మొహం మీది గుడ్డ తీశారు. భర్త దేవన్న ఆ చివరి చూపును సౌదీలోని ఖఫ్జీలో, కంపెనీ క్యాంపు గదిలో, మంచం మీద కూర్చుని ఫోన్లో చూశాడు. కాల్ పదకొండు నిమిషాల నలభై సెకన్లు సాగింది.

దేవన్నకు యాభై రెండేళ్లు. ఏసీ మెకానిక్. ఒక మెయింటెనెన్స్ కంపెనీలో పదమూడేళ్లుగా ఉన్నాడు. చివరిసారి ఇంటికి వెళ్లి అప్పటికి మూడేళ్ల రెండు నెలలు. గౌరవ్వకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసినప్పటి నుంచి సెలవు అడుగుతూ వచ్చాడు. అక్టోబర్‌లో సెలవు దొరికింది. కానీ సౌదీలో ఉండనిచ్చే కార్డు, ఇకామా, దాని గడువు అదే నెలలో తీరిపోయింది. ఇకామా రెన్యూ కానిదే ఊరికి పోయి తిరిగొచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా రాదు. ఫైలు హెడ్డాఫీసులో ఉందని క్యాంపు బాస్ చెప్పాడు. అదే మాట మళ్లీ మళ్లీ చెప్పాడు. దేవన్న దాన్ని ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా గౌరవ్వకు చెప్పాడు. ఆమె ప్రతిసారీ ఒకటే అడిగేది, వచ్చే తారీఖు ఎప్పుడని. నవంబర్ 9న అడిగినప్పుడు ఈ నెలాఖరు అన్నాడు.

ఆ శుక్రవారం ఊళ్లో ఫోన్ పట్టుకున్నది అల్లుడు కుమార్. గదిలో దేవన్న పక్కన కూర్చున్నది ఉదయకిరణ్, కోరుట్ల మనిషి, పై మంచం వాడు. కాల్ కలవగానే అతను చెయ్యి చాపి దేవన్న ఫోన్లో స్క్రీన్ రికార్డింగ్ నొక్కాడు. తర్వాత చూసుకోవాలనిపిస్తది కాకా, అన్నాడు. దేవన్న వద్దనలేదు. క్యాంపులో ఇది ఇప్పుడు ఆనవాయితీ. చావు అక్కడ, చూపు ఇక్కడ, రికార్డు చేసేది పక్క మంచం వాడు.

ఊళ్లో సిగ్నల్ నిలకడగా లేదు. రికార్డింగ్‌లో గౌరవ్వ మొహం మూడు నిమిషాల పన్నెండో సెకను నుంచి పదహారో సెకను దాకా ఉంది. నాలుగు సెకన్లు. సరిగ్గా ఆ నాలుగు సెకన్లలో బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరింది. పసుపు తెలుస్తోంది. బొట్టు తెలుస్తోంది. మిగతాది గళ్లే.

పదకొండో దినం నాడు గౌరవ్వ పెద్దమ్మ ఫోన్ చేసింది. ఏడ్చింది, ఓదార్చింది, పోయినామె గుణగణాలు చెప్పింది. ఫోన్ పెట్టే ముందు ఇంకో మాట చెప్పింది.

"కండ్లు మూత వడలేదు కొడుకా. నీ తొవ్వ సూసుకుంటనే పోయింది."

మరునాడు దేవన్న అల్లుణ్ని అడిగాడు. కుమార్ తడుముకోకుండా జవాబిచ్చాడు. అత్తమ్మ నిద్రపోయినట్టే ఉంది, కళ్లు మూసే ఉన్నాయి, ఫోన్ పట్టుకున్నది తనే కదా అన్నాడు.

శవానికి స్నానం చేయించింది కూతురు భాగ్యలక్ష్మి. దేవన్నకు ఒక్కతే సంతానం. అసలు సంగతి ఆమెకు తెలిసి ఉంటుంది. దేవన్న ఆమెతో రోజూ మాట్లాడేవాడు. తిన్నావా అని అడిగేవాడు, పిల్లకు జ్వరం తగ్గిందా అని అడిగేవాడు. తల్లికి చివరి నీళ్లు పోసిన పిల్లను ఈ మాట ఎట్లా అడగాలో అతనికి తెలియలేదు. అడగలేదు.

రికార్డింగ్ మాత్రం చూసేవాడు. పనికి పోయే బస్సులో చూసేవాడు, డాబాల మీద కంప్రెసర్ల నీడలో చూసేవాడు. రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసేవాడు. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ గళ్లు పెద్దవయ్యేవి.

డిసెంబర్ 6, శనివారం, కంపెనీ అతన్ని ఒక అపార్ట్‌మెంటుకు పంపింది. రెండో అంతస్తులో హేమసుందర్ ఇల్లు. కాకినాడ మనిషి, ఆయిల్ సర్వీసు కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీరు. దేవన్న ఆ ఇంట్లో ఏసీలు కడగడం అది మూడోసారి. హాల్లో నిచ్చెన మీద నిలబడి ఫిల్టర్ తీస్తుండగా హేమసుందర్ కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో పెళ్లి చూస్తున్నాడు. అది అతని తల్లి అలివేలుమంగ పెళ్లి, పాత క్యాసెట్ నుంచి ఎక్కించింది. తెర సగానికి గీత ఉంది. గీతకు ఎడమ పక్క బొమ్మ మసక. కుడి పక్క అదే బొమ్మలో సన్నాయి వాయించే మనిషి వేళ్లు లెక్కపెట్టవచ్చు.

దేవన్న నిచ్చెన దిగాడు. అదెట్లా అయిందని అడిగాడు.

హేమసుందర్‌కు ఎవరైనా అడిగితే చాలు. ఒక సాఫ్ట్‌వేర్ ఉందని, మసకబారిన బొమ్మను అది విడదీసి మళ్లీ కడుతుందని, ఈ ముప్పై సెకన్ల ముక్కకే తన కంప్యూటర్‌కు ఒక పూట పట్టిందని పది నిమిషాలు చెప్పాడు. దేవన్న ఫిల్టర్ చేతిలో పట్టుకునే విన్నాడు.

"మా ఇంటిదాని వీడియో ఒకటి ఉన్నది సార్," అన్నాడు. "మొఖం జర సాఫ్‌గ కనవడాలె."

గౌరవ్వ పోయిన సంగతి హేమసుందర్‌కు కంపెనీ డ్రైవర్ ద్వారా తెలుసు. అతను కుర్చీలోంచి లేచి దేవన్నను కూర్చోమన్నాడు. దేవన్న కూర్చోలేదు, బట్టలకు దుమ్ము ఉందన్నాడు. కళ్ల సంగతి దేవన్న చెప్పలేదు. మొహంలో ఏం చూడాలని హేమసుందర్ అడగలేదు.

వీడియోను అప్పుడే ఎక్కించి చూశారు. ఫైలు పెద్దదే గానీ లోపల బొమ్మ చిన్నదని హేమసుందర్ చెప్పాడు. మొహం మొత్తం అడ్డంగా నలభై చుక్కలు. ఇలాంటి మొహానికి మామూలు పద్ధతి సరిపోదు, మొహాల కోసమే చేసిన ప్రోగ్రాం, మోడల్ అంటారు, అది వాడాలి. నడపబోతే మెమరీ చాలదని కంప్యూటర్ ఆగిపోయింది. అందులో బొమ్మల పని చేసేది ఏళ్ల నాటి గ్రాఫిక్స్ కార్డు, నాలుగు జీబీ మెమరీది. ఇంటర్నెట్‌లో పంపితే ఎవరో ఒకరు చేసిపెడతారని హేమసుందర్ అన్నాడు. శవం మొహాన్ని ఊరూపేరూ లేని వాళ్లకు పంపనని దేవన్న చెప్పాడు. అయితే కొత్త కార్డు కావాలి. ఎలాగూ తనకూ అవసరమే, తనే కొంటానని హేమసుందర్ అన్నాడు. దేవన్న ఒప్పుకోలేదు.

"నా పని సార్. కార్డు నేనే కొంట. మీ కంప్యూటర్ల పెట్టనియ్యండ్రి, గంతే."

ఆ తర్వాత దాదాపు ఆరు వారాలు కార్డు ఎంపికకు పట్టాయి.

హేమసుందర్ ఏదీ ఊరికే కొనే మనిషి కాదు. మిక్సీ కొనాలన్నా నాలుగు కంపెనీలవి పక్కపక్కన రాసుకునే రకం. రాత్రిపూట భోజనాలయ్యాక రివ్యూలు చదివాడు. ఎక్సెల్‌లో పట్టిక వేసి ప్రింటు తీసి దేవన్నకు ఇచ్చాడు. మూడు వరసలు. మొదటిది 5060 అనే మోడల్ నంబరు కార్డు, ఎనిమిది జీబీ, 145 వాట్లు, పదమూడు వందల యాభై రియాళ్లు. రెండోది 3060, పాతది, వాడినది, పన్నెండు జీబీ, 170 వాట్లు, ఏడు వందల ఎనభై. మూడోది 5060 టీఐ, పదహారు జీబీ, 180 వాట్లు, రెండు వేలకు ఒకటి తక్కువ. దేవన్న జీతం ఓవర్‌టైంతో కలిపి పదిహేడు వందలు.

దేవన్న ఆ కాగితాన్ని మడిచి టూల్ బ్యాగులో పెట్టుకున్నాడు. తన అప్పు వాయిదాల కాగితం, ఇకామా నకలు ఉండే కవర్లోనే పెట్టాడు. వారం పాటు చదివాడు. తర్వాతి శుక్రవారం హేమసుందర్ ఇంటికి వచ్చి, చాయ్ తాగి, కాగితం విప్పి వేలు పెట్టి అడిగాడు. మెమరీ పక్కన ఉన్న ఇంకో అంకె ఏమిటి? పాత కార్డుకు 192, కొత్తవాటికి 128.

అది మెమరీకీ చిప్‌కీ మధ్య దారి వెడల్పని హేమసుందర్ చెప్పాడు.

"పైపు సైజ్ అన్నట్టు," అన్నాడు దేవన్న.

"సరిగ్గా అదేనండి."

"అయితే గీ పదారు జీబీదానికి ట్యాంక్ పెద్దది వెట్టి పైపు సన్నది వెట్టిన్రు. పాతదానికి లావు పైపు ఉన్నది. గిది దొంగతనం గాదా సార్?"

హేమసుందర్ నవ్వాడు. ఆ మధ్య కాలంలో ఆ ఇంట్లో దేవన్న ముందు ఎవరైనా నవ్వడం అదే మొదలు. పైపు సన్నదే గానీ కొత్త మెమరీలో ఒత్తిడి ఎక్కువ, దాదాపు రెండింతలు, అందుకే మొత్తం ప్రవాహం పాతదానికంటే కొత్తదానికే ఎక్కువ అని వివరించాడు. ఒత్తిడి సంగతి దేవన్నకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏసీల్లో నింపే పాత గ్యాసుకూ కొత్త గ్యాసుకూ తేడా అదే. తల ఊపాడు.

ఇంకో శుక్రవారం వాట్ల గురించి అడిగాడు. తన క్లాంప్ మీటర్ తెచ్చి కంప్యూటర్ వైరుకు పెట్టి ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూశాడు. లోపలి పవర్ సప్లయ్ ఆరు వందల వాట్లది, మూడిట్లో ఏదైనా మోస్తుందని తేల్చాడు. హేమసుందర్ ఆ కొలతను కూడా పట్టికలో చేర్చాడు. డబ్బుకు తగ్గ విలువ అని చివర్లో ఒక గడి చేశాడు. సెకనుకు ఎన్ని బొమ్మలు, బొమ్మకు ఎన్ని రియాళ్లు. ఆటలాడేవాళ్లకైతే మొదటి కార్డు చాలని, ఇలాంటి పనికి మెమరీయే ముఖ్యమని చెప్పాడు. సాఫ్ట్‌వేర్‌లో మొహాల మోడళ్లు రెండున్నాయి. చిన్నది ఎనిమిది జీబీలో పడుతుంది. పెద్దదానికి పదమూడు జీబీ కావాలి. పెద్దది ఎక్కువ వివరం ఇస్తుందని అందరూ రాశారు.

ఇద్దరూ ఏం కొనాలన్నది మాట్లాడుకున్నారు. బొమ్మలో ఏం కనబడాలన్నది మాట్లాడుకోలేదు.

ఖఫ్జీ బజార్లో ఖాజాకు కంప్యూటర్ దుకాణం ఉంది. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, వచ్చి ఇరవై ఏళ్లయింది. దేవన్నకు ముందే తెలుసు. దుకాణం ఏసీకి గ్యాసు పట్టింది దేవన్నే. జనవరి మొదటి వారంలో ఇద్దరూ వెళితే ఖాజా ముందు పాత 3060ని బయటికి తీశాడు. మంచి మాల్, సగం ధర, ఒక పోరడు ఆటలాడుకున్నది అన్నాడు. దేవన్న దాన్ని చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, చిప్ పక్కన వేలితో రాసి వేలు చూసుకున్నాడు. జిడ్డు అంటింది.

"నూనె మరక ఉన్నది ఖాజా భాయ్. నూనె ఉన్న కాడ లీక్ ఉంటది."

"అరె, ఇది ఏసీ కాదు కదా దేవన్నా."

"వేడెక్కేది ఏదైనా ఒకటే. ఇది ఆటలాడింది కాదు, రాత్రింబగళ్లు నడిచింది."

హేమసుందర్ కూడా వంగి చూశాడు. వేడికి కార్డు లోపలి ప్యాడ్లు కరిగి కారిన నూనె అది. ఖాజా కార్డును మళ్లీ అరలో పెట్టేశాడు. నీకు ఎవరూ అమ్మలేరు, నీ దగ్గర ఎవరూ కొనలేరు అని నవ్వాడు. కొత్త 5060 దుకాణంలోనే ఉంది. పదహారు జీబీది దమ్మామ్ నుంచి తెప్పించాలి. మెమరీ ధరలు నెలనెలా పెరుగుతున్నాయని, ఆలస్యం చేయొద్దని చెప్పాడు. తెప్పిస్తాను, రెండూ ఇక్కడే పెట్టి చూసుకోండి, నచ్చిందే తీసుకోండి, తెలియనివాళ్లకైతే ఇలా చెయ్యను అన్నాడు.

2026 జనవరి 16, శుక్రవారం. అసర్ నమాజ్ అయ్యాక నాలుగు గంటలకు ఖాజా షట్టర్ ఎత్తాడు. హేమసుందర్ తన కంప్యూటర్‌ను కారులో తెచ్చాడు. దాన్ని కౌంటర్ వెనక బల్ల మీద పెట్టి మూత విప్పారు. దేవన్న ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. ఫోన్‌ను తనే కేబుల్‌కు తగిలించాడు.

ముందు ఎనిమిది జీబీ కార్డు పెట్టారు. హేమసుందర్ వీడియోలోంచి ఆ నాలుగు సెకన్లే కత్తిరించి, చిన్న మోడల్ పెట్టి నడిపించాడు. రెండు నిమిషాల పది సెకన్లు పట్టింది. ఫ్యాన్ చప్పుడు ఎక్కువ లేదని ఖాజా అన్నాడు. 

తెర మీద మొహం వచ్చింది.

గళ్లు లేవు. పసుపు రాసిన చెంపలు, ముక్కుపుడక, పెదవుల మధ్య గీత. కళ్లు మూసి ఉన్నాయి. రెప్పల కింద వెంట్రుకల వరస సన్నగా కనిపించింది.

దేవన్న బల్ల అంచు పట్టుకుని వంగాడు.  ఖాజా పక్కకు తప్పుకుని దుకాణం తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"మూసే ఉన్నయి," అన్నాడు దేవన్న.

హేమసుందర్ ఆ మాట విన్నాడు గానీ అందులో అతనికి ఏమీ తోచలేదు. మొహం బాగా వచ్చిందనే అర్థం చేసుకున్నాడు. అవునండి, చిన్న మోడల్‌కు ఇది బాగా వచ్చినట్టే అన్నాడు.

దేవన్న నిటారుగా నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. 

"గిది చాలు సార్. ఖాజా భాయ్, గీ ఎనిమిదిదే ఇయ్యి."

ఖాజా పెట్టె తీయబోయాడు. హేమసుందర్ ఆగమన్నాడు. దాదాపు ఆరు వారాలు పోల్చిన మనిషి. రెండో కార్డు పెట్టె బల్ల మీదే ఉంది, దాని కోసం ఖాజా దమ్మామ్‌కు మనిషిని పంపాడు.

"ఒక్కసారి ఆ రెండోది కూడా చూసేద్దామండి దేవన్న గారు. తెప్పించాక చూడకుండా పోవడమెందుకు? రెండూ పక్కపక్కన పెడితే ఆరు వందల యాభై రియాళ్ల తేడా ఉందో లేదో మీకే తెలుస్తుంది."

 దేవన్న చేయి జేబులోని పర్సు మీద ఉంది. తన కోసం ఇంత పని చేసిన మనిషికి కాదని చెప్పడం అతనికి రాదు. మీ ఇష్టం సార్ అన్నాడు.

కార్డు మార్చారు. పెద్ద మోడల్ పెట్టారు. తొమ్మిది జీబీ, పదకొండు, పదమూడు అని అంకె పెరిగి ఆగింది. ఏడు నిమిషాలు పట్టింది. హేమసుందర్ ఆ సమయాన్ని కాగితం మీద రాసుకున్నాడు. తర్వాత రెండు బొమ్మలనూ తెర మీద పక్కపక్కన పెట్టాడు.

రెండో బొమ్మలో చర్మం మీది గీతలున్నాయి. ముక్కుపుడకలో రాయి ఉంది. కళ్లు తెరిచి ఉన్నాయి. నల్లగుడ్డు ఉంది. నల్లగుడ్డులో వెలుతురు చుక్క ఉంది. ఆమె తెరలోంచి బయటికి చూస్తోంది.

 హేమసుందర్ ముందు ఎడమ బొమ్మను, తర్వాత కుడి బొమ్మను, మళ్లీ ఎడమ బొమ్మను చూశాడు. అప్పుడు దేవన్న వైపు చూశాడు.

"ఏది నిజం సార్?"

హేమసుందర్ చెయ్యి మౌస్ మీదికి పోయింది.

"ఏది నిజం? ఎనిమిదిదా, పదారుదా?"

హేమసుందర్ అసలు వీడియోను తెరిచి, ఆపి, కన్ను ఉండాల్సిన చోటును పెద్దది చేసి చూపించాడు. అక్కడ ఆరు చుక్కలున్నాయి. నాలుగు గోధుమరంగు, రెండు ముదురు. ఈ ఆరు చుక్కల్లో కన్ను మూసి ఉందో తెరిచి ఉందో లేదని చెప్పాడు. యంత్రానికి కూడా అది తెలియదు. అది లక్షల మొహాలు చూసి నేర్చుకుంది. ఇలాంటి చుక్కలున్నచోట మామూలుగా ఏముంటుందో అది పెడుతుంది. చిన్న మోడల్ ఒకటి పెట్టింది, పెద్ద మోడల్ ఇంకోటి పెట్టింది. చర్మం గీతలు కూడా అంతే, ముక్కుపుడకలో రాయి కూడా అంతే.

"అంటే గేజి పెట్టకుంట రీడింగ్ రాసినట్టు," అన్నాడు దేవన్న.

"అంతేనండి."

ఆ పని దేవన్నకు తెలుసు. జూలై నెలలో డాబా మీద పద్నాలుగు యూనిట్లుంటాయి, నలభై ఎనిమిది డిగ్రీలుంటుంది, ఒక్కోదాని గ్యాసు ఒత్తిడి రాసే షీటు మాత్రం నింపి ఇవ్వాలి. మొదటి నాలుగింటికి గేజి పెడతారు. మిగతా పదింటికి నూట ఇరవై, నూట ఇరవై రెండు, నూట పద్దెనిమిది అని రాస్తారు. ఆ అంకెలు చూసి సూపర్‌వైజర్ సంతకం పెడతాడు. అంకెలు నమ్మేలాగే ఉంటాయి. దేవన్న కూడా రాశాడు, ఏళ్ల తరబడి రాశాడు.

కళ్ల సంగతి ఎందుకని హేమసుందర్ అడిగాడు. అప్పుడు దేవన్న పెద్దమ్మ చెప్పిన మాట, అల్లుడు చెప్పిన మాట చెప్పాడు. నెలాఖరుకు వస్తానని తను తారీఖు ఇచ్చిన సంగతి చెప్పాడు. హేమసుందర్ కుర్చీలో కూర్చున్నాడు. యంత్రం ఖాళీలు నింపుతుందని తనకు మొదటి రోజే తెలుసన్నాడు. మొహం కాస్త శుభ్రంగా కనబడితే మీకు ఊరట అనుకున్నాను, అది చెప్పాల్సిన సంగతనిపించలేదు అన్నాడు. 

"మీ తప్పేంలేదు సార్. నేను చెప్పలే," అన్నాడు దేవన్న. "అవి రెండు తీసెయ్యండ్రి."

హేమసుందర్ రెండు ఫైళ్లూ తీసేశాడు. కంప్యూటర్ చెత్తబుట్టలోంచి కూడా తీసేసి తెర చూపించాడు. ఖాజా ఏమీ అడగకుండా కార్డులను వాటి కవర్లలో, కవర్లను పెట్టెల్లో పెట్టాడు. దేవన్న పర్సు తీయబోతే చేయి పట్టుకుని ఆపాడు. దమ్మామ్ మనిషికి ఇచ్చింది తన లెక్క అన్నాడు. సాయంత్రపు మగ్రిబ్ బాంగు వినబడితే షట్టర్ సగం దించి నమాజుకు వెళ్లాడు.

దేవన్న బయటికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. సముద్రం వైపు నుంచి గాలి వస్తోంది. కువైట్ రోడ్డు మీద ట్రక్కులు వరసగా నిలిచి ఉన్నాయి. ఇండియాలో అప్పుడు రాత్రి ఎనిమిది గంటలు. భాగ్యలక్ష్మికి ఫోన్ చేశాడు. ఆమె బియ్యం కడుగుతున్నానని, ఇప్పుడే తనే ఫోన్ చేయబోతున్నానని చెప్పింది. ఇకామా వచ్చిందా నాయినా అని అడిగింది. రాలేదన్నాడు. తిన్నావా అని అడిగింది. లేదన్నాడు. ఆ తర్వాత అడిగాడు.

"బిడ్డా. మీ అమ్మకు నీళ్లు వోసింది నువ్వే గదా. కండ్లు మూసి ఉండెనా, తెరిసి ఉండెనా?"

అవతల నల్లా నీళ్లు ఆగిన చప్పుడు వినబడింది.

"ఎవలు చెప్పిన్రు నాయినా?"

"ఎవలన్న చెప్పనీ. నువ్వు చెప్పు."

  ఆమె చెప్పడం మొదలుపెట్టింది, ఆగకుండా చెప్పింది. దవాఖానలో ప్రాణం పోయినప్పుడు పక్కన ఉన్నది తానే. కళ్లు తెరిచే ఉన్నాయి. నర్సు మూసింది. ఇంటికి తెచ్చేలోపు మళ్లీ తెరుచుకున్నాయి. పెద్దమ్మ వచ్చింది అప్పుడే, అవే చూసింది. స్నానం అయ్యాక తాను మూసింది, మళ్లీ విడిపోయాయి. కొరివి పెట్టాల్సిన చిన్నాయన కొడుకు షోలాపూర్ నుంచి రావాలి, అతను వచ్చేదాకా ఎత్తరు. ఎత్తే ముందు ఫోన్ కలుపుతామని కుమార్ అన్నాడు.

"నువ్వు సూస్తవ్ గదా నాయినా," అంది. "గట్ల సూడద్దని తడి గుడ్డ వెట్టి వట్టుకున్న."

"ఎంతసేపు?"

"నీ ఫోన్ కలిసేదాంక."

 తిని పడుకో అని దేవన్న చెప్పాడు. ఆమె కూడా అదే చెప్పింది.

మరునాడు, జనవరి 17న, దేవన్న అడిగితే కుమార్ కూడా అదే చెప్పాడు. ఉదయం పదిన్నరకు తాను వెదుళ్లు, కొత్త బట్ట తీసుకుని వాకిట్లోకి వచ్చేసరికి భాగ్యలక్ష్మి తల్లి తల దగ్గర కూర్చుని కళ్ల మీద చెయ్యి పెట్టి ఉంది. నీళ్లు తాగమంటే లేవలేదు. మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి తాను ఫోన్ కలిపి అత్తమ్మ మొహం వైపు తిప్పుతుండగా చెయ్యి తీసింది. ఆ కాసేపు కళ్లు విడిపోలేదు.